మనకెందుకులే అనిపించినప్పుడు ఏం చెయ్యాలంటే

2020 జూన్‌లో పలాసలో జరిగింది మా శ్రీకాకుళం జిల్లాలో ఎవరూ మర్చిపోలేదు. కరోనా అనుమానంతో చనిపోయిన ఒక పెద్దాయన మృతదేహాన్ని జేసీబీ తొట్టెలో పెట్టి శ్మశానానికి పట్టుకెళ్లారు. ఆ వీడియో దేశమంతా తిరిగింది, ఇద్దరు అధికారులు సస్పెండయ్యారు. ఆ తర్వాత ఎనిమిది నెలలు కూడా తిరక్కుండా, 2021 ఫిబ్రవరిలో, పలాసను ఆనుకునే ఉన్న కాశీబుగ్గలో ఎస్సైగా పనిచేస్తున్న శిరీష గారు, పొలాల్లో చనిపోయి పడి ఉన్న ముక్కూమొహం తెలియని ముసలాయన్ని మొయ్యడానికి ఊళ్లోవాళ్లు వెనకాడితే, తనే స్ట్రెచర్ ఒక కొస పట్టుకుని గట్ల మీదుగా చాలా దూరం మోసుకొచ్చారు.

రెండూ ఒకే మండలంలో, ఒకే ఏడాది లోపు. జేసీబీ పిలిపించినవాళ్లు రాక్షసులేం కాదు, భయపడ్డారు, ఆ పని ఎలాగోలా అయిపోతే చాలనుకున్నారు, అంతే. మనం రోజూ చేసేదీ దాదాపు అదే. అందుకే మానవ హక్కులంటే డిసెంబరు 10న హాల్లో మీటింగు, శాలువా, ఫొటో అనుకునేవాళ్ల కోసం కాకుండా, రోడ్డు మీదో బస్సులోనో ఎవరికో అన్యాయం జరుగుతుంటే కడుపులో ఒకలా అయిపోయి, అయినా తల తిప్పుకుని వెళ్లిపోయి, రాత్రి నిద్రపట్టక దొర్లేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నేనూ ఆ బాపతే.

ముందు భయం సంగతి తేల్చుకుందాం

మనం ఆగకపోవడానికి సగం కారణం మనసు రాయి అవ్వడం కాదు, స్టేషన్ చుట్టూ తిరగాల్సొస్తుందని భయం. హైవే మీద, అదే మన ఇచ్ఛాపురం నుంచి వచ్చే నేషనల్ హైవే 16 మీద, బండి పడిపోయి ఎవరో కొట్టుకుంటుంటే చుట్టూ ఇరవై మంది ఉంటారు, పదిహేను మంది చేతుల్లో ఫోన్లుంటాయి, 108కి కొట్టింది మాత్రం ఎవరో ఒకరే. కానీ మోటారు వాహనాల చట్టంలో 2019లో 134ఎ అని ఒక సెక్షన్ చేర్చారు. సాయం చేసినవాళ్ల మీద కేసు పెట్టడానికి లేదు, పేరూ ఫోన్ నంబరూ చెప్పమని బలవంతపెట్టడానికి లేదు, నువ్వే తెచ్చావు కాబట్టి డబ్బు కట్టమని ఆసుపత్రివాళ్లు పట్టుకు కూర్చోడానికీ లేదు. సాక్షిగా ఉండాలా వద్దా అన్నది మీ ఇష్టం. ఆడవాళ్లయితే, సాక్షిగా ఒప్పుకున్నా సరే, వాంగ్మూలం కోసం స్టేషన్‌కి రమ్మనకూడదు, పోలీసులే ఇంటికి రావాలి. ఇది తెలిసుంటే ఆ ఇరవై మందిలో ఇంకో నలుగురైనా ముందుకొస్తారని నా నమ్మకం.

రెండో భయం, స్టేషన్‌కి వెళ్తే పోలీసులు ఇది మా పరిధి కాదంటారేమోనని. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా చెప్పుకోవచ్చు. జీరో ఎఫ్ఐఆర్ అంటారు దాన్ని. ఫిర్యాదు ఇచ్చినవాళ్లకి ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. తీసుకోకపోతే అదే కాగితం పోస్టులో ఎస్పీకి పంపండి. మాటలతో గొడవపడటం కన్నా పోస్టాఫీసు రసీదు బాగా పనిచేస్తుంది.

అడగడం నేర్చుకోవాలి

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. ఓ సోమవారం నా సొంత పని మీద కలెక్టరేట్‌కి వెళ్లాను. మన దగ్గర సోమవారం గ్రీవెన్స్ కదా, అంటే జనం వచ్చి అర్జీలిచ్చుకునే రోజు, అధికారిక పేరు మారినప్పుడల్లా మారుతుంది గానీ జనం నోట్లో ఎప్పుడూ గ్రీవెన్సే. గేటు బయట చెట్టు కింద ఒకామె, నలభై ఐదేళ్లుంటాయేమో, కేరీబ్యాగులో కాగితాలు పెట్టుకుని కూర్చుంది. అంతకు ముందు వారం కూడా ఆమెను అక్కడే చూశాను. చూసి టీ తాగి వెళ్లిపోయాను.

ఈసారి ఆమే పిలిచింది. “బావూ, అర్జీ ఎవులు రాత్తారు?”

“ఏటైందప్పా?” అన్నాను, మా వైపు అప్ప అంటే అక్క. ఆ ఒక్క మాటకి ఆమె ఇరవై నిమిషాలు చెప్పింది. భర్త పొరుగు రాష్ట్రంలో బిల్డింగ్ పనికి వెళ్లాడు, మేస్త్రి ముందే 20,000 అడ్వాన్సు ఇచ్చాడు, ఇప్పుడు ఆ బాకీ తీరేదాకా కదలనివ్వనంటున్నాడు, ఆధార్ కార్డు కూడా మేస్త్రి దగ్గరే ఉంది, కూలి చేతికివ్వక నాలుగు నెలలు. నాకు కోపం వచ్చేసింది. అక్కడే బెంచీ మీద కూర్చుని రెండు పేజీలు దంచేశాను, అన్యాయం, అమానుషం, పేదల కన్నీళ్లు, అన్నీ పడ్డాయి. లోపల కాగితం తీసుకున్న ఆయన చదివి, చాలా మర్యాదగానే, ఒకటే అడిగాడు: ఏ ఊరు, ఏ సైటు, మేస్త్రి పేరేంటి? నా రెండు పేజీల్లో ఈ మూడూ లేవు.

నేను ఆమె కోసం రాయలేదు, నా కోపం చల్లారడానికి రాసుకున్నాను. జాలితో చిక్కు ఇదే, అది మన గురించే మాట్లాడుతుంది. కాబట్టి ముందు వినండి, మధ్యలో అందుకోకండి. తర్వాత “నీకేటి కావాలప్పా?” అని అడగండి. నేననుకున్నది మేస్త్రిని జైల్లో వేయించాలని, ఆమెకు కావాల్సింది మాత్రం మనిషి ఇంటికి రావడం, కూలి డబ్బులు, ఆధార్ కార్డు. కేసు మాట ఆమె ఎత్తనే లేదు. వద్దన్నదాన్ని మనం నెత్తిన రుద్దకూడదు.

భాష సంగతి కూడా. సీతంపేట, కురుపాం వైపు నుంచి వచ్చే సవర తెగ ఆడవాళ్లు ఆసుపత్రిలో డాక్టరు అడిగినదానికల్లా తలూపేస్తారు, అర్థమై కాదు. గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ పనిగట్టుకుని సవర భాష నేర్చుకున్నారు. మనకంత ఓపిక లేదు సరే, కనీసం సవర మాట్లాడే మనిషినొకర్ని వెంటబెట్టుకెళ్లొచ్చు కదా.

అర్జీ ఎలా రాయాలి

ఆ రోజు మళ్లీ చెట్టు కిందకొచ్చి కూర్చున్నాం. సైటు ఎక్కడో ఆమెకు తెలియదు. కొడుకు ఫోన్లో భర్త వాట్సాప్‌లో పంపిన ఫొటో ఒకటుంది, ఇనుప చువ్వల మధ్య హెల్మెట్ పెట్టుకుని నవ్వుతున్నాడు. పెద్దది చేసి చూస్తే వెనకాల రేకు గోడ మీద కంపెనీ బోర్డు, సగం చువ్వల చాటున. ఆ భాష మాకిద్దరికీ రాదు, ఫోన్లో అనువాదం పెడితే కంపెనీ పేరూ ఏరియా పేరూ బయటపడ్డాయి. మేస్త్రి నంబరు ఆమె దగ్గర ముందు నుంచీ ఉంది, ఎవరూ అడగలేదంతే.

రెండో అర్జీ ఒక్క పేజీ కూడా రాలేదు. ఎవరు, ఏ ఊరు, ఏ తారీఖున వెళ్లాడు, ఎవరు తీసుకెళ్లారు, ఎంత అడ్వాన్సు, రోజుకెంత ఒప్పుకున్నారు, ఎన్ని రోజుల కూలి బాకీ, సైటు ఎక్కడ, ఏం కావాలి. కంటితో చూసింది చూసినట్టు, ఎవరో చెబితే విన్నది విన్నట్టు విడిగా రాయాలి. తారీఖు గుర్తులేకపోతే సంక్రాంతి అయిన వారానికనో, ఊరి తిరనాళ్ల ముందనో రాసినా ఫరవాలేదు, ఊహించి అంకె వెయ్యకండి. చివర్లో ఒక వాక్యం మాత్రం చట్టం మాట: అడ్వాన్సు పేరుతో మనిషిని కదలనివ్వకపోవడం 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం కిందకొస్తుంది. ఆ చట్టం ప్రకారం ఆ బాకీ రద్దయిపోయినట్టే లెక్క, విడిపించి సర్టిఫికెట్ ఇప్పించాల్సిన బాధ్యత అధికారులది. కనీస వేతనం కన్నా తక్కువిచ్చి చేయించుకున్నా అది బలవంతపు చాకిరీయేనని సుప్రీంకోర్టు 1982లోనే చెప్పింది. ఇక్కడి ఆఫీసు అక్కడి కలెక్టరుకి రాయాలంటే సైటు అడ్రసు ఉండాలి, అందుకే అంత పట్టుబట్టి అడిగారని నాకు తర్వాత అర్థమైంది.

అప్పట్నుంచి వలస వెళ్లే ప్రతి ఇంటికీ చెబుతున్నాను, సైటు అడ్రసూ మేస్త్రి నంబరూ ఇంట్లో క్యాలెండరు వెనక రాసిపెట్టుకోండని. 2014 జూన్ 28న చెన్నై మౌలివాక్కంలో పదకొండంతస్తుల బిల్డింగ్ కూలి 61 మంది చనిపోతే, అందులో మన శ్రీకాకుళం, విజయనగరం వాళ్లు చాలామంది. ఆమదాలవలస స్టేషన్‌లో సంచులూ గిన్నెలూ సర్దుకుని రైలు కోసం కూర్చునే కుటుంబాలను చూసినప్పుడల్లా అదే గుర్తొస్తుంది.

ఎవరికి చెప్పాలి

పిల్లలైతే 1098, ఆడవాళ్లైతే 181, పెద్దవాళ్లని ఇంట్లోంచి గెంటేస్తే 14567, ఎస్సీ ఎస్టీల మీద దాడో వివక్షో జరిగితే 14566, ప్రాణం మీదకొస్తే 112. ఇవి ఫోన్లో సేవ్ చేసుకోండి, ఆ క్షణంలో వెతుక్కునేంత తీరిక ఉండదు.

లాయరు కావాలంటే కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది, 15100కి ఫోన్ చేసినా చాలు. ఆడవాళ్లకి, పిల్లలకి, ఎస్సీ ఎస్టీలకి, వికలాంగులకి, ఆదాయం ఎంతైనా సరే ఉచితం. చాలామంది ఉచిత లాయరంటే పనిచెయ్యడనుకుంటారు. కొందరు చెయ్యరు, నిజమే, కొందరు డబ్బు తీసుకునీ చెయ్యరు కదా.

మానవ హక్కుల కమిషన్ గురించి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే దాని మీద ఆశ ఎక్కువ, అవగాహన తక్కువ. 1993 చట్టం కింద వచ్చింది. మన రాష్ట్ర కమిషన్ ఆఫీసుకి ఇచ్ఛాపురం నుంచి అంత దూరం పోవక్కర్లేదు, పోస్టులో పంపొచ్చు. ఢిల్లీలోని జాతీయ కమిషన్‌కి ఆన్‌లైన్‌లో పెట్టొచ్చు, తెలుగులో రాసినా తీసుకుంటారు, ఫీజు లేదు. కానీ ఘటన జరిగిన ఏడాది లోపే పెట్టాలి, ఆకాశరామన్న ఉత్తరాలు పనికిరావు, కోర్టులో నడుస్తున్న కేసును ముట్టుకోరు, ఒక కమిషన్ చేతిలో ఉన్నదాన్ని రెండోది తీసుకోదు. పైగా అక్కడ శిక్ష వెయ్యరు, సిఫార్సు మాత్రమే చేస్తారు. ముఖ్యంగా పోలీసులో ప్రభుత్వ ఉద్యోగులో చేసినవి, లేదా వాళ్లు కళ్లు మూసుకున్నవి అక్కడికెళ్లాలి. పక్కింటివాడితో గట్టు తగాదా కాదు.

ఏజెన్సీ గూడేల్లో, అదే కొండల్లోని గిరిజన ఊళ్లలో, రోడ్డు లేక రోగిని కర్రకి కట్టి మోసుకొచ్చే డోలీ కనిపిస్తే వీడియో తీసి కన్నీళ్ల బొమ్మ పెట్టి వదిలెయ్యకండి. గూడెం పేరు, పంచాయతీ, ఎన్ని ఇళ్లు, బండి వచ్చే రోడ్డు ఎన్ని కిలోమీటర్ల దూరం, ఇవి రాసి గిరిజనుల పనులు చూసే ప్రభుత్వ ఆఫీసు ఐటీడీఏలో ఇవ్వండి. మొహాలు మాత్రం చూపించకండి. అత్యాచారం కేసుల్లో, పిల్లల మీద లైంగిక దాడి కేసుల్లో బాధితుల పేరు, ఫొటో, ఆనవాలు పట్టే వివరాలు బయటపెట్టడం నేరం కూడా. మన మంచి మనసుని చాటుకోడానికి వాళ్ల మొహం వాడుకోవడం నాకు మహా చిరాకు.

తోడు వెళ్లడం

నన్నడిగితే అన్నిటికన్నా పెద్ద సాయం ఇదే, దీనికి చదువూ డబ్బూ అక్కర్లేదు. ఉద్దానంలో కవిటి, సోంపేట, కంచిలి వైపు అడగండి, చాలా ఊళ్లలో కిడ్నీ జబ్బు మనిషి ఉంటాడు. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ ఆసుపత్రి తెరిచారు, డయాలసిస్ ఉంది, పింఛను ఉంది. అయినా వారానికి రెండు మూడుసార్లు, వెళ్లిన ప్రతిసారీ నాలుగు గంటలు మంచం మీద, దిగాక కళ్లు తిరుగుతాయి, ఒక్కడే బస్సెక్కలేడు. వెంట వెళ్లే భార్యకి ఆ రోజు జీడిపిక్కల కూలి పోతుంది. అక్కడ కావాల్సింది పళ్ల బుట్ట కాదు, మంగళవారం నేనొస్తాను, శుక్రవారం నువ్వెళ్లు అనే నలుగురు మనుషులు. వస్తానన్న వారం మానేస్తే మాత్రం అసలు మాటివ్వకపోవడమే నయం.

ఆఫీసులోనూ అంతే. అదే కాగితం, అదే మనిషి, కానీ పక్కన ఇంకొకరు నిలబడితే “కూర్చోమ్మా” అంటారు. మనం మాట్లాడక్కర్లేదు కూడా, ఆమెనే మాట్లాడనివ్వండి.

ఆ అప్ప భర్త ఐదు వారాలకి ఇంటికొచ్చాడు. కూలి సగమే ఇచ్చారు, మిగతా సగం కోసం కాగితాలింకా తిరుగుతున్నాయి. ఆధార్ కార్డు రాలేదు, కొత్తది తీయించుకున్నాడు.

మీరూ ఎవరి వెంటైనా సోమవారం వెళ్తుంటే కాగితాలన్నీ రెండు సెట్లు జిరాక్స్ తీయించండి, ఒరిజినల్ ఎవరికీ ఇవ్వకండి, ఇచ్చిన అర్జీకి రసీదు నంబరు అడిగి ఫొటో తీసుకోండి. పది గంటల లోపు చేరుకుంటే మధ్యాహ్నానికి బయటపడొచ్చు. ఇంకోటి, జేబులో చిన్న స్టాంప్ ప్యాడ్ వేసుకోండి. మా రెండో అర్జీ అంతా బాగా కుదిరాక వేలిముద్రకి సిరా దొరక్క, పక్కన జిరాక్స్ షాపు కుర్రాణ్ణి బతిమాలుకోవాల్సొచ్చింది.