దూరపు నడక మధ్యలో వైజాగ్‌లో ఆగి సామాను మార్చుకోవడం ఎలా?

అరకు నుంచి అనంతగిరి ఘాట్ దిగి, ఎస్.కోట మీదుగా వైజాగ్ చేరేసరికి సుమారు 115 కిలోమీటర్లు నడిచినట్టవుతుంది. అక్కణ్ణుంచి భీమిలి మీదుగా తీరం పట్టుకుని శ్రీకాకుళం వైపు పోవాలనుకునేవాళ్లు ఇక్కడ రెండు రాత్రులు ఆగడం మంచిది. అయితే ఆగిన రోజు ఇట్టే అయిపోతుంది. ఊరికే షాపులు తిరిగితే సాయంత్రానికి చేతిలో నాలుగు కవర్లు ఉంటాయి, అసలు కావాల్సింది మాత్రం ఉండదు. అందుకే ఏ పని ముందు, ఏది తర్వాత అన్నది చూసుకోవాలి.

ఊళ్లోకి రాకముందే

కొత్తవలస దగ్గర టీ తాగుతూ ఫోన్‌లో మూడు వరుసలు రాసుకోండి: మార్చాల్సినవి, బాగుచేయించాల్సినవి, ఇంటికి పంపేయాల్సినవి. నాకు ఎప్పుడూ మూడోదే పొడుగు. రంగు వెలిసిన చొక్కాతో ఎంత దూరమైనా పోవచ్చు. ఒకసారి వెలిగి ఒకసారి మొరాయించే టార్చిని మాత్రం మార్చాల్సిందే.

పొద్దున్నే చేయాల్సినవి

ఆర్టీసీ కాంప్లెక్స్ చుట్టుపక్కల గది తీసుకుంటే అటూ ఇటూ తిరగడానికి వీలు. దిగగానే బట్టలు ఉతికి ఆరేయండి. ఇక్కడి గాలిలో తేమకి మందం సాక్సులు ఒక పట్టాన ఆరవు.

తర్వాత బ్యాగ్ మొత్తం ఖాళీ చేసి లోపల వేలితో రుద్ది చూడండి. వేలికి జిగట తగిలినా, తెల్లగా పొలుసులు రాలినా నీళ్లు ఆపే పూత పోయినట్టే. రెయిన్‌కోటుదీ అదే కథ. దానికి కుట్టు వేయించి లాభం లేదు, మార్చేయండి. బ్యాగ్ గుడ్డ గట్టిగా ఉంటే మాత్రం లోపల ఒక మందపాటి ప్లాస్టిక్ సంచీ వేసుకుంటే చాలు, కొత్త బ్యాగ్ ఖర్చు తప్పుతుంది.

బాగుచేయించే వాటిని షాపింగ్ కంటే ముందే ఇచ్చేయాలి, వాటికి టైం పడుతుంది. పూర్ణా మార్కెట్ దగ్గర చెప్పులు కుట్టే ఒక పెద్దాయనకి నేను బ్యాగ్ పట్టీ ఇస్తే, ఆయన పట్టీ పక్కన పెట్టి నా బూట్ల వంక చూశాడు. ఒకటి విప్పమని, మడమ దగ్గర సోలుని బొటనవేలితో నొక్కాడు. వేలు దిగబడింది కానీ, సోలు మళ్లీ పైకి లేవలేదు.

"ఇదేటి బాబూ, పైన కొత్తగానే ఉంది గానీ లోపల పిండైపోనాది" అన్నాడు.

"అతికించడానికి అవదా తాతా?"

"అతికిస్తే ఊడదు. మోకాలు మాత్రం నొప్పెడతాది."

మాటంటే మాటే. బూటులోని ఫోమ్ మామూలుగా 500 నుంచి 800 కిలోమీటర్లకి చచ్చిపోతుంది, పైతోలు ఎంత మెరిసినా సరే. మీ బూట్లకీ ఈ వేలి పరీక్ష చేయండి. మడమ ఒకవైపే అరిగిపోయినా మార్చాల్సిందే. సోలు అంచు కాస్త ఊడితే మాత్రం గమ్ము పెట్టి చుట్టూ కుట్టించుకోవచ్చు. దారిలో కుట్లు వేసుకోడానికి ఫిషింగ్ హార్బర్ వైపు వలల సామాను అమ్మే కొట్లలో నైలాన్ దారం అడగండి, ఉప్పునీటికి తట్టుకునే సరుకు అది.

బూట్లు సాయంత్రమే కొనాలి

రోజంతా తిరిగాక పాదాలు ఉబ్బుతాయి, దూరం నడిచేటప్పుడూ అంతే. జగదాంబ వైపు షాపులకి సాయంత్రం వెళ్లండి, మీరు నడకలో వేసుకునే సాక్సులే వేసుకుని వెళ్లండి. నిలబడినప్పుడు వేళ్ల ముందు బొటనవేలు వెడల్పంత జాగా ఉండాలి. మామూలు సైజు కంటే ఒక సైజు పెద్దది పట్టినా కంగారు పడకండి. కాటన్ సాక్సులు వద్దు, చెమట పట్టి ఉంచి బొబ్బలు తెప్పిస్తాయి.

ఆషాఢంలో సింహాచలం గిరిప్రదక్షిణకి 32 కిలోమీటర్లు చాలామంది చెప్పుల్లేకుండానే నడుస్తారు కదా, బూట్లకి ఇంత హడావుడేమిటి అంటారా? వాళ్ల వీపు మీద పది కిలోలు ఉండవు, మర్నాడు మళ్లీ నడిచే పనీ ఉండదు.

మర్నాడు దిగి చూడండి

బీచ్ రోడ్డు చదునుగా ఉంటుంది కాబట్టి అక్కడ ఏ బూటైనా బాగానే అనిపిస్తుంది. నిండా సర్దిన బ్యాగ్‌తో కైలాసగిరి మెట్లెక్కి దిగండి. దిగేటప్పుడు వేళ్లు ముందుకి గుద్దుకుంటే సైజు చాలనట్టు. మడమ లేస్తుంటే లేసు పై కన్నాల దగ్గర బిగించి మళ్లీ చూడండి. షాపులో మార్పిడికి ఒప్పుకుంటారో లేదో కొనేటప్పుడే అడిగి, బిల్లు దాచుకోండి.

ఇక మిగులు సామానుని కాంప్లెక్స్‌లోని ఆర్టీసీ కార్గోలోనో, పోస్టాఫీసులోనో ఇంటికి పంపేయండి. గ్యాస్ డబ్బా ఉంటే మాత్రం పార్సెల్‌లో పెట్టకూడదు.

పాత బూట్లు కూడా అప్పుడే వదిలించుకోకండి. బరువైనా రెండు రోజులు బ్యాగ్‌కి కట్టుకుని మోయండి. నేను కొత్తవి కొన్న రాత్రే పాతవి పారేశాను. మర్నాడు మెట్ల పరీక్ష లేదు, ఏమీ లేదు, తిన్నగా భీమిలి దారి పట్టాను. రుషికొండ దాటాక ఎడమ మడమ చుర్రుమంది. తర్వాత పాతిక రూపాయల ప్లాస్టరు, బాత్‌రూమ్ చెప్పులు వేసుకుని భీమిలి చేరాను, కొత్త బూట్లు మెడలో వేలాడుతూ.