స్కోప్‌లో బాగుంది, ఫోన్‌లో బాగోలేదు: డిజిస్కోపింగ్ సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

దూరంలోని పిట్టలను పెద్దగా చూపించే స్పాటింగ్ స్కోప్‌కు ఫోన్ తగిలించి ఫొటోలు తీయడమే డిజిస్కోపింగ్. స్కోప్‌లో కంటితో చూస్తే పిట్ట ఈకలు విడివిడిగా కనిపిస్తాయి. అదే ఐపీస్‌కు, అంటే కన్ను పెట్టి చూసే చివరకు, ఫోన్ తగిలించి తీస్తే బొమ్మ మసకగా, చుట్టూ నల్లగా వస్తుంది. దాంతో స్కోప్ మంచిది కాదనుకుని, ఇంకా ఎక్కువ రెట్లు పెద్దగా చూపించేది వెతకడం మొదలుపెడతారు. తక్కువ బడ్జెట్ ఉన్నవాళ్లు నష్టపోయేది ఇక్కడే. కొత్తది కొనాలన్నా, ఉన్నదాన్ని దారికి తేవాలన్నా ముందు లోపం ఎక్కడుందో తేల్చుకోవాలి.

ఫొటో గుండ్రంగా వస్తోంది, చుట్టూ నలుపు

ఫోన్ మెయిన్ కెమెరా చాలా వెడల్పుగా చూస్తుంది. ఐపీస్ చూపించే వృత్తం అంత వెడల్పు ఉండదు కాబట్టి మిగిలిన చోటంతా నల్లగా పడుతుంది. జూమ్ ఐపీస్‌లలో ఇంకో మెలిక ఉంది. 20 రెట్ల దగ్గర ఈ వృత్తం బాగా ఇరుకు, సాధారణంగా 40 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. జూమ్ పెంచేకొద్దీ వెడల్పవుతుంది. అందుకే స్కోప్‌ను 25-30 రెట్లకు తెచ్చి, ఫోన్‌లో 1.5 లేదా 2 రెట్లు జూమ్ చేస్తే నలుపు చాలావరకు పోతుంది. మూలల్లో కాస్త మిగిలితే తర్వాత క్రాప్ చేసుకోవచ్చు.

అయినా పోకపోతే దూరం తేడా అయి ఉంటుంది. ఐపీస్ నుంచి వచ్చే వెలుతురు కొద్ది దూరంలో ఒక చిన్న వృత్తంగా కూడుతుంది. ఫోన్ లెన్స్ సరిగ్గా అక్కడ ఉండాలి. ఆ దూరం, అంటే ఐ రిలీఫ్, మరీ తక్కువైతే ఫోన్‌ను ఐపీస్‌కు బిగించే అడాప్టర్ మందమే అడ్డొస్తుంది. ఫోన్ కవర్ తీసేసి, ఐపీస్ చుట్టూ ఉండే ఐకప్‌ను పూర్తిగా కిందికి దించి, తర్వాత కొద్దికొద్దిగా పైకి తిప్పుతూ చూడండి. కొనేటప్పుడైతే ఐ రిలీఫ్ 15 మిల్లీమీటర్లకు తగ్గనిది ఎంచుకోండి. కళ్లద్దాలు పెట్టుకునేవాళ్లకు కూడా అదే సుఖం.

ఒక పక్కన నెలవంకలా నీడ

ఫోన్ లెన్స్ ఐపీస్ మధ్యలో లేదు, అంతే. స్కోప్‌ను వెలుతురున్న గోడ వైపు తిప్పండి, సూర్యుడి వైపు మాత్రం ఎప్పుడూ తిప్పకండి. అడాప్టర్ స్క్రూలు వదులు చేసి, తెర మీద తెల్లటి వృత్తం నడిమధ్యకు వచ్చేదాకా ఫోన్‌ను జరిపి, స్క్రూలన్నీ ఒక్కొక్కటిగా కొద్దికొద్దిగా బిగించండి. ఒకటే ముందు గట్టిగా బిగిస్తే ఫోన్ మళ్లీ పక్కకు జరుగుతుంది.

జూమ్ చేయగానే తెర మొత్తం నల్లబడింది

రెండు మూడు కెమెరాలున్న ఫోన్ తనంతట తానే ఇంకో కెమెరాకు మారిపోయింది. ఐపీస్ ముందు లేని కెమెరాకు చీకటి తప్ప ఏం కనిపిస్తుంది? దగ్గరి వస్తువుల కోసం కెమెరాను తనంతట తానే మార్చే ఆటో మ్యాక్రో ఆపేయండి, ప్రో మోడ్‌లో మెయిన్ కెమెరానే ఎంచుకోండి. స్కోప్ పాడైందని టెన్షన్ పడాల్సిన పనిలేదు.

60 రెట్ల దగ్గర చీకటిగా, గరుకుగా వస్తోంది

ఇది బాగా అర్థం చేసుకోవాల్సిన విషయం, కొనుగోలు నిర్ణయమంతా దీని మీదే ఆధారపడుతుంది. ముందు లెన్స్ వెడల్పును రెట్లతో భాగిస్తే ఐపీస్ నుంచి వచ్చే వెలుతురు వృత్తం ఎంతో తెలుస్తుంది. 60 మిల్లీమీటర్ల స్కోప్‌లో 20 రెట్ల దగ్గర అది 3 మిల్లీమీటర్లు, 60 రెట్ల దగ్గర 1 మిల్లీమీటరే. వెడల్పు మూడో వంతైతే వెలుతురు దాదాపు తొమ్మిదో వంతుకు పడిపోతుంది. ఆ లోటు పూడ్చడానికి ఫోన్ ఐఎస్ఓ, అంటే వెలుతురుకు స్పందించే స్థాయి, పెంచుతుంది, షట్టర్ నెమ్మదిస్తుంది. గరుకుదనమూ కదిలిన బొమ్మలూ వచ్చేది దీనివల్లే.

పరిష్కారం రెట్లు తగ్గించడమే. 26 మిల్లీమీటర్ల లెన్స్‌కు సమానమైన ఫోన్ కెమెరాకు 20 రెట్ల స్కోప్ తోడైతే 520 మిల్లీమీటర్ల లెన్స్‌తో సమానం (ఈ అంకెలు ఫోకల్ లెంగ్త్‌వి, లెన్స్ వెడల్పువి కావు). మామూలు పిట్టలకు అది చాలు. 80 మిల్లీమీటర్ల స్కోప్ కొన్నా 60 రెట్ల దగ్గర వృత్తం 1.3 మిల్లీమీటర్లు దాటదు, బరువేమో పెరుగుతుంది. నన్నడిగితే, ఈడీ గ్లాస్ (రంగులు విడిపోకుండా చూసే ప్రత్యేకమైన గ్లాస్) లేని 80 కన్నా ఈడీ గ్లాస్ ఉన్న 60 లేదా 65 తీసుకుని, మిగిలిన డబ్బు ట్రైపాడ్ మీద పెట్టమంటాను.

స్పష్టత లేదు

పది సెకన్ల వీడియో తీసి చూడండి. బొమ్మంతా ఒక్కసారిగా ఊగుతుంటే తప్పు ట్రైపాడ్‌ది. బొమ్మలో ఒక్కో చోటు ఒక్కోలా నీళ్లలా అలలాడుతుంటే అది వేడి గాలి. బొమ్మ నిలకడగా ఉండి కూడా మసకగా ఉంటే ఫోకస్‌ను అనుమానించాలి.

ఊగుతుంటే ట్రైపాడ్ మధ్య కడ్డీ దించేసి, కాళ్లలో సన్నటి చివరి భాగాలు వీలైనంత లోపలికి తోసేయండి. తెరను వేలితో తాకకుండా రెండు సెకన్ల టైమర్ గానీ బ్లూటూత్ రిమోట్ గానీ వాడండి. వేడి గాలికి ఎంత ఖరీదైన స్కోప్ దగ్గరా మందు లేదు. తెల్లవారాక తొలి గంటల్లో తీయండి, పిట్టకు ఇబ్బంది కలగనంతవరకు దగ్గరికి వెళ్లండి. ఫోకస్ విషయానికొస్తే, తెర మీద పిట్ట కంటి దగ్గర నొక్కిపట్టి ఫోన్ ఫోకస్‌ను లాక్ చేసి, ఆ తర్వాత స్కోప్ నాబ్‌తోనే సరిచేయాలి. రెండూ ఒకేసారి మారుతుంటే ఎప్పటికీ కుదరదు. సన్నగా సర్దడానికి వేరే నాబ్ ఉన్న మోడల్ దొరికితే వదులుకోకండి.

తెల్ల కొంగ అంచున ఊదా రంగు గీత

మామూలు గ్లాస్ అన్ని రంగులనూ ఒకేచోట కూడగట్టలేదు. వెలుతురు ఎక్కువైతే గీత ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది కాబట్టి ముందు ఎక్స్‌పోజర్ (ఫొటోలో పడే వెలుతురు) కొంచెం తగ్గించండి, కొంగ ఈకల వివరాలు కూడా నిలుస్తాయి. రెట్లు తగ్గించినా మేలే. అప్పటికీ బాధిస్తుంటే ఈడీ గ్లాస్ ఒక్కటే దారి.

పెట్టె మీద పెద్ద అంకెలు, కంటికి అంత పెద్దగా కనిపించదు

చవక రకాల్లో ఇది మామూలే. స్కోప్‌ను వెలుతురు వైపు పెట్టి, ఐపీస్ వెనక తెల్ల కాగితం పట్టుకోండి. కాగితాన్ని ముందుకూ వెనక్కూ జరుపుతూ వెలుతురు వృత్తం అంచు స్పష్టంగా కనిపించే చోట స్కేలుతో కొలవండి. 60 మిల్లీమీటర్ల లెన్స్‌కు 60 రెట్లు నిజమైతే ఆ వృత్తం 1 మిల్లీమీటరే ఉండాలి. 6 మిల్లీమీటర్లు వచ్చిందంటే అది 10 రెట్లకు మించి చూపించదు. వాపసు గడువు దాటకముందే తిరిగి ఇచ్చేయండి.