దోశపిండి గ్రైండర్‌తో ఇంట్లో చాక్లెట్ ఎలా చేయాలి?

చాక్లెట్ పిచ్చితో నేను మెక్సికోలోని ఓహాకా దాకా వెళ్ళాను. అక్కడ మెటాటె అనే వాలుగా ఉన్న రాతి పలక మీద కోకో గింజలు నూరుతుంటే మా అమ్మమ్మ సన్నికల్లే కళ్ళముందుకొచ్చింది. ఒకప్పుడు ఆ వైపు మాయన్, అజ్‌టెక్ జాతులవాళ్ళు చాక్లెట్‌ను మిరపకాయ వేసుకుని తాగేవాళ్ళు, కొరుక్కుతినే బిళ్ళ 1847లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో ఫ్రై కంపెనీ చేసేదాకా రాలేదు. గింజలు నూరడానికి రాయి చాలు, అది మన నెల్లూరు వంటిళ్ళలో ఎలాగూ ఉంది.

ముందు గింజలు. ఏలూరు వైపు కొబ్బరి, పామాయిల్ తోటల్లో కోకో అంతరపంట, నేను రైల్లో వెళ్ళి తెచ్చుకుంటాను. పులియబెట్టి ఎండబెట్టినవే అడగండి, ఎందుకంటే కాయ కోశాక గింజలు గుజ్జుతోపాటు 5, 6 రోజులు పులిస్తేనే వేయించినప్పుడు చాక్లెట్ వాసన పుడుతుంది, లేకపోతే ఎంత వేయించినా వగరే. గింజను అడ్డంగా కోసి చూడండి. గోధుమరంగులో పగుళ్ళు కనబడితే మంచిది.

కిలో గింజల్ని మందపాటి బాండలిలో సన్నమంట మీద అరగంట, వేరుశెనక్కాయలు వేయించినట్టే కలుపుతూ వేయించండి. మొదట పుల్లటి ఘాటు వస్తుంది, అది పోయి కమ్మటి వాసన మొదలయ్యాక దించేయాలి. చల్లారాక చపాతీ కర్రతో చితక్కొట్టి చేటలో చెరిగితే పొట్టు ఎగిరిపోయి 700 గ్రాముల పైన పలుకులు మిగులుతాయి.

అసలు పని రుబ్బడం. పలుకుల్ని మిక్సీలో ముద్దగా చేసి, కాస్త వేడిచేసి, గ్రైండర్‌లో గుప్పెడు గుప్పెడుగా వేయండి. నూనె ఊరి పలచబడ్డాక 700 గ్రాములకు 300 గ్రాముల పంచదార పొడి కలపండి. నీటిచుక్క తగలకూడదు! ఒకసారి ఆశపడి బెల్లం వేశాను, దాని తడికి మొత్తం గట్టి ముద్దైపోయింది. ఇంటి గ్రైండర్ మోటారు వేడెక్కుతుంది కాబట్టి అరగంటకోసారి ఆపుతూ రెండు రోజులు రుబ్బండి. ఇలా గంటల తరబడి కదిలిస్తేనే నునుపొస్తుందని 1879లో స్విట్జర్లాండ్‌లో రొడాల్ఫ్ లింట్ చూపించాడు, అంతకుముందు చాక్లెట్ నోట్లో గరగరలాడేది.

తర్వాత చాక్లెట్‌ను 45 డిగ్రీలకు వేడిచేసి, కలుపుతూ 28కి చల్లార్చి, మళ్ళీ 31కి తెచ్చి అచ్చుల్లో పోయండి. విరిస్తే టక్కుమనేది, పైన మెరిసేది దీనివల్లే. గింజల్లోని కొవ్వు, అంటే కోకో వెన్న, 34 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది, మన మే నెల ఎండల్లో చేయాలనుకోవద్దు. డిసెంబరు, జనవరి రాత్రులు బాగుంటాయి, ఏసీ ఉంటే ఇంకా మేలు.

గ్రైండర్ గిన్నెకు అంటుకున్నది కడిగి పారబోయకండి. కాగిన నీళ్ళు పోసి, చిటికెడు ఎండుమిరప పొడి వేసి, నురగ వచ్చేలా చిలికి వేడివేడిగా తాగండి.