పళ్ళ కోసం విడిగా ఇన్సూరెన్స్ తీసుకోవాలా? హైదరాబాద్‌లో ఉండేవాళ్ళు లెక్క వేసుకోవడం ఎలా

రూట్ కెనాల్ చేసి పైన క్యాప్ వెయ్యాలని డాక్టర్ చెప్పిన రోజు సాయంత్రమే చాలామంది ఫోన్‌లో డెంటల్ ఇన్సూరెన్స్ కోసం వెతకడం మొదలుపెడతారు. తెలిసినవాళ్ళు నన్ను అడిగేదీ అప్పుడే: "ఇప్పుడు ఒక పాలసీ తీసుకుంటే ఈ ఖర్చు కలిసొస్తుందా?" నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మన ఊళ్ళో మామూలు కుటుంబానికి పళ్ళ కోసమే విడిగా ప్రీమియం కట్టడం చాలావరకు గిట్టుబాటు కాదు. కొందరికి మాత్రం అవుతుంది. మీ సంగతి తేల్చుకోవడానికి ఒక కాగితం, ఒక గంట సమయం చాలు. కింద చెప్పిన వరుసలో చూసుకుంటూ వెళ్ళండి.

1. ఇంట్లో ఇప్పటికే ఏమేం ఉన్నాయో బయటికి తీయండి

హెల్త్ పాలసీ కాగితాల్లో "మినహాయింపులు" అనే భాగం తెరిచి చూడండి. మన దేశంలో మామూలు హెల్త్ పాలసీలు ఆసుపత్రిలో చేరితే అయ్యే ఖర్చు కోసం తయారైనవి. పుచ్చు పన్నుకు ఫిల్లింగ్, క్లీనింగ్, క్యాప్, కట్టుడు పళ్ళు లాంటివి క్లినిక్‌లో కుర్చీ మీదే అయిపోతాయి కాబట్టి వాటికి డబ్బు రాదు. కానీ బండి మీద నుంచి పడి దవడ విరిగి ఆసుపత్రిలో చేరితే, లేదా నోటి క్యాన్సర్‌కు ఆపరేషన్ చేయాల్సి వస్తే, ఆ ఖర్చు మామూలు పాలసీ పరిధిలోకే వస్తుంది. 2020 ఏప్రిల్ నుంచి అన్ని కంపెనీలూ అమ్ముతున్న 'ఆరోగ్య సంజీవని' పాలసీలో కూడా జబ్బు వల్ల గానీ దెబ్బ వల్ల గానీ అవసరమైన దంత చికిత్స అని రాసి ఉంటుంది. అదీ ఆసుపత్రి చికిత్సలో భాగంగానే.

నోటికి సంబంధించి మనిషిని అప్పుల్లోకి దింపేవి దవడ విరగడం, క్యాన్సర్ లాంటి ఈ ఆసుపత్రి ఖర్చులే. వీటికి మంచి హెల్త్ పాలసీ ఉంటే అసలు భయం తీరినట్టే. అది లేకుండా పళ్ళ పాలసీ కోసం వెతికేవాళ్ళను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. ముందు అది తీసుకోండి.

ఒక జాగ్రత్త. యాక్సిడెంట్‌లో ముందు పళ్ళు కదిలినా విరిగినా, కాలో చెయ్యో విరిగిన హడావిడిలో ఎవరూ పట్టించుకోరు. క్యాజువాలిటీలో ఉండగానే డ్యూటీ డాక్టర్ చేత పళ్ళకు తగిలిన దెబ్బ గురించి కేసు షీట్‌లో రాయించండి. ఆ ఒక్క వాక్యం లేకపోతే నెల తర్వాత పెట్టే క్లెయిమ్‌కు ఆధారం ఉండదు.

హైటెక్ సిటీ, గచ్చిబౌలి వైపు ఉద్యోగం చేసేవాళ్ళు కంపెనీ గ్రూప్ పాలసీని కూడా చూడాలి. చాలా కంపెనీలు ఏడాదికోసారి కొన్ని రోజులపాటు అదనపు కవర్లు ఎంచుకోమని మెయిల్ పంపిస్తాయి. ఆసుపత్రిలో చేరకుండా చూపించుకునే వైద్యానికి డబ్బిచ్చే ఓపీడీ కవర్ ఉంటే సాధారణంగా అందులోనే డెంటల్ కూడా ఉంటుంది, బయట విడిగా కొనేదానికన్నా చవగ్గా దొరుకుతుంది. ఆ మెయిల్ చదవకుండా వదిలేసి, తర్వాత బయట పాలసీ కొనేవాళ్ళు ఎందరో. నెల జీతం 21,000 లోపు ఉండి ఈఎస్‌ఐ కోత పడుతున్నవాళ్ళకు ఈఎస్‌ఐ ఆసుపత్రుల్లో పళ్ళ వైద్యం కూడా అందుతుంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు, పెన్షనర్లకు సీజీహెచ్‌ఎస్ అనే వైద్య పథకం ఉంది. ఈ రెండిట్లో ఏది ఉన్నా పళ్ళకు విడిగా పాలసీ ఆలోచన పక్కన పెట్టొచ్చు.

2. పాలసీ కన్నా ముందు మీ నోరు చూపించుకోండి

ఒక చెకప్ చేయించుకుని, రాబోయే రెండేళ్ళలో ఏమేం పని పడొచ్చో డాక్టర్‌ను అడగండి. అంచనా కాగితం మీద రాసిమ్మనండి. ఏ పన్నుకు ఏం చేయాలో, దేనికి ఎంతో విడివిడిగా ఉండాలి. డాక్టర్లు పళ్ళకు నంబర్లు వాడతారు: 36 అంటే కింద ఎడమ వైపు మొదటి పెద్ద దవడ పన్ను, 46 అంటే అదే పన్ను కుడి వైపు. ఆ నంబర్ ఉన్న అంచనాను ఇంకో క్లినిక్‌లో చూపిస్తే అభిప్రాయం సూటిగా వస్తుంది, ధరల తేడా కూడా వెంటనే తెలిసిపోతుంది. ఒకే పనికి జూబ్లీహిల్స్‌లో ఒక ధర, ఉప్పల్‌లో ఒక ధర ఉండటం మనకు కొత్తేమీ కాదు.

3. మీకు అమ్ముతున్నది అసలు ఇన్సూరెన్సేనా?

ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు. పళ్ళ కోసమే ఉండే వ్యక్తిగత పాలసీలు మన దగ్గర చాలా తక్కువ. 'డెంటల్ ప్లాన్' పేరుతో దొరికేవి ఎక్కువగా రెండు రకాలు. ఒకటి, హెల్త్ పాలసీకి తగిలించే ఓపీడీ కవర్. రెండోది, క్లినిక్‌ల గొలుసో ఏదైనా యాపో అమ్మే మెంబర్‌షిప్ కార్డు. ఏడాదికి ఇంత కడితే రెండు క్లీనింగ్‌లు ఉచితం, మిగతా వాటి మీద డిస్కౌంట్ అంటారు.

మెంబర్‌షిప్ కార్డు ఇన్సూరెన్స్ కిందికి రాదు. అది ముందే డబ్బు కట్టి కొనుక్కునే డిస్కౌంట్. ఆ క్లినిక్ మూతపడితే మీ డబ్బు గురించి ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐని అడగడానికి ఉండదు. ఆదాయపు పన్నులో 80డి పేరుతో అందరికీ తెలిసిన హెల్త్ ప్రీమియం మినహాయింపు కూడా రాదు. అదే హెల్త్ పాలసీ ప్రీమియం అయితే పాత పన్ను విధానంలో 25,000 వరకు, అరవై దాటినవాళ్ళకు 50,000 వరకు మినహాయింపు ఉంటుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత హెల్త్ పాలసీల మీద జీఎస్టీ కూడా లేదు. అంతకుముందు అది 18 శాతం. కాబట్టి డబ్బు కట్టేముందు "దీనికి ఇన్సూరెన్స్ కంపెనీ పాలసీ నంబర్ వస్తుందా?" అని అడగండి. రాదంటే అది కార్డు. ఎలాగూ అదే క్లినిక్‌కు వెళ్తుంటే కార్డు తీసుకోవడంలో తప్పులేదు, కానీ ఇన్సూరెన్స్ ఉందన్న ధీమా మాత్రం వద్దు.

4. కాగితం మీద లెక్క వేయండి

ఇన్సూరెన్స్ అంటే ఎప్పుడో ఒకసారి మీద పడే పెద్ద దెబ్బను అందరూ కలిసి పంచుకోవడం. పళ్ళ ఖర్చు తీరు వేరు. ఇంచుమించు ప్రతి ఇంట్లోనూ ఉంటుంది, చాలావరకు ముందే తెలుస్తుంది. పైగా పళ్ళు బాగోలేనివాళ్ళే ఈ పాలసీ కొంటారని కంపెనీకీ తెలుసు. అందుకే ఏడాదికి ఇంతకు మించి ఇవ్వమనే పరిమితి, మన వాటాగా కట్టాల్సిన కోపే, మొదట కొన్ని నెలలు ఆగమనే వెయిటింగ్ పీరియడ్ పెడుతుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. ఈ అంకెలు లెక్క కోసం అనుకున్నవి, మీ అంకెలు మీరు వేసుకోండి. ఓపీడీ కవర్‌కు ఏడాదికి 5,000 అదనం. పళ్ళకు ఏడాదికి 7,500 పరిమితి, 20 శాతం మన వాటా, రూట్ కెనాల్‌కు ఒక ఏడాది వెయిటింగ్.

మొదటి ఏడాది రెండు క్లీనింగ్‌లు 1,200 చొప్పున, ఒక ఫిల్లింగ్ 1,500. మొత్తం 3,900. మన వాటా 780 పోగా కంపెనీ ఇచ్చేది 3,120. రెండో ఏడాది రూట్ కెనాల్‌కు 5,000, క్యాప్‌కు 6,000, కలిపి 11,000. మన వాటా తీసేస్తే 8,800 రావాలి, కానీ పరిమితి దగ్గర ఆగి 7,500 వస్తుంది. రెండేళ్ళలో మీరు కట్టింది 10,000, చేతికొచ్చింది 10,620. ఇన్ని బిల్లులు దాచి, ఇన్నిసార్లు అప్‌లోడ్ చేసి, ఇంత టెన్షన్ పడితే మిగిలింది 620 రూపాయలు.

అదే పాలసీలో క్యాప్‌కు డబ్బు ఇవ్వమని రాసి ఉందనుకోండి. అప్పుడు రెండో ఏడాది 4,000 మాత్రమే వస్తుంది. రెండేళ్ళకు కలిపి 2,880 మన చేతి నుంచే పోతుంది. రూట్ కెనాల్‌కు ఇచ్చి క్యాప్‌ను వదిలేసే షరతు ఉందా లేదా అన్నది అందుకే ముందు చూడాలి. రూట్ కెనాల్ అయిన దవడ పన్నుకు క్యాప్ వేయకపోతే నమలడంలో విరిగిపోయే ప్రమాదం ఉంది. డాక్టర్లు దాన్ని చికిత్సలో భాగంగానే చూస్తారు, పాలసీ మాత్రం విడిగా చూడొచ్చు.

ఇంట్లో పెద్దవాళ్ళకు బీపీ, షుగర్ ఉండి నెలనెలా డాక్టర్ ఫీజులు, టెస్టులు అవుతుంటే లెక్క మారుతుంది. ఆ ఖర్చులు కూడా అదే ఓపీడీ కవర్‌లో వస్తే ప్రీమియం వాటితోనే తిరిగొస్తుంది, పళ్ళకు వచ్చేది అదనపు లాభం. కవర్ తీసుకోమని నేను గట్టిగా చెప్పేది ఇలాంటి ఇళ్ళకే.

5. షరతుల్లో వెతకాల్సినవి

వంకర పళ్ళు సరిచేయడానికి పిల్లలకు వేసే క్లిప్పులు, ఇంప్లాంట్లు చాలా పాలసీల్లో ఉండవు. పాలసీకి ముందే ఊడిన పన్ను స్థానంలో కొత్తది కట్టించుకుంటే ఇవ్వమనేవీ ఉన్నాయి. అందం కోసం చేసేవి అసలే రావు. నల్గొండ వైపు ఫ్లోరైడ్ నీళ్ళు తాగి పెరిగి ఇక్కడ స్థిరపడినవాళ్ళు మన ఊళ్ళో చాలామంది ఉన్నారు. పళ్ళ మీది గోధుమరంగు మచ్చలు పోవడానికి పైన పూత వేయించుకుంటే, ఆ ఖర్చును సాధారణంగా అందం కోసం చేయించుకున్నదానిగానే లెక్కేస్తారు. ఆ నీళ్ళు వాళ్ళు కోరి తాగినవి కావు, అయినా పాలసీకి ఆ తేడా లేదు.

బిల్లు ఏ క్లినిక్‌దైనా పర్వాలేదా, వాళ్ళ యాప్‌లో ఉన్న క్లినిక్ అయితేనేనా అన్నదీ చూడండి. రెండోదైతే, ఆ జాబితాలో మీ ఇంటికి దగ్గర్లో ఎన్ని క్లినిక్‌లు ఉన్నాయో కొనకముందే ఫోన్ చేసి కనుక్కోండి.

అమెరికాలో పిల్లలున్న తల్లిదండ్రులకు ఒక మాట. అక్కడి ప్లాన్లు చూసి ఇక్కడివీ అలాగే ఉంటాయనుకోవద్దు. అక్కడ క్లీనింగ్‌కు పూర్తిగా, ఫిల్లింగ్‌కు 80 శాతం, క్యాప్‌కు సగం చొప్పున ఇచ్చే పద్ధతి బాగా వాడుకలో ఉంది, ఏడాది పరిమితి తరచుగా 1,000 నుంచి 2,000 డాలర్ల మధ్య ఉంటుంది. మీరు అక్కడికి వెళ్ళేటప్పుడు తీసుకునే విజిటర్ ఇన్సూరెన్స్ చాలావరకు ఉన్నట్టుండి వచ్చిన పంటి నొప్పికి, దెబ్బకు మాత్రమే కొంత ఇస్తుంది. ఫ్లైట్ ఎక్కేముందే ఇక్కడ పళ్ళ పని పూర్తి చేసుకోండి.

6. వద్దనుకుంటే ఆ డబ్బును ఇలా పెట్టండి

ప్రీమియంగా పోయే మొత్తాన్ని బ్యాంకులో నెలకు ఇంతని ఆర్డీ కట్టండి. క్లిప్పులు వేయాల్సిన వయసు పిల్లలుంటే ఇదే సరైన దారి, ఎందుకంటే ఆ ఖర్చు రెండేళ్ళ ముందే తెలుస్తుంది.

చేతిలో డబ్బు లేదని నొప్పిని మాత్రలతో నెట్టుకురావద్దు. అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ డెంటల్ కాలేజీ, ఆసుపత్రి ఉంది. దిల్‌సుఖ్‌నగర్ దగ్గర పనినీయ లాంటి ప్రైవేట్ డెంటల్ కాలేజీల్లో కూడా క్లినిక్‌ల కన్నా చాలా తక్కువకు చేస్తారు. అధ్యాపకుల పర్యవేక్షణలో విద్యార్థులు చేస్తారు కాబట్టి ఎక్కువసార్లు తిరగాలి, ఎక్కువసేపు కూర్చోవాలి. పొద్దున్నే వెళ్ళడం మంచిది.

7. తీసుకుంటే, మొదటి రోజు నుంచే కాగితాలు దాచండి

పాలసీ చేతికొచ్చాక 30 రోజుల్లోపు చదివి, నచ్చకపోతే వెనక్కి ఇచ్చేయొచ్చు. ఆ నెలలోనే షరతులన్నీ చదవండి.

క్లెయిమ్‌కు ప్రిస్క్రిప్షన్, పన్ను నంబర్‌తో సహా ఒక్కో పనికి విడిగా ధర రాసిన బిల్లు, చికిత్సకు ముందూ తర్వాతా తీసిన ఎక్స్‌రేలు, డబ్బు కట్టిన రసీదు పెట్టుకోండి. ప్రిస్క్రిప్షన్ మీద డాక్టర్ రిజిస్ట్రేషన్ నంబర్ ఉండాలి. "దంత చికిత్స, 11,000" అని ఒక్క ముక్కలో రాసిన బిల్లు వెనక్కి వస్తుంది. క్లినిక్‌లోనే అడిగి మళ్ళీ రాయించుకోండి, వారం తర్వాత వెళ్తే విసుక్కుంటారు.

క్లెయిమ్ అన్యాయంగా తిరస్కరించారనిపిస్తే ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాతపూర్వకంగా పంపండి. ఐఆర్‌డీఏఐ వారి 'బీమా భరోసా' పోర్టల్‌లో కూడా నమోదు చేయొచ్చు. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా, పాలసీదారుల ఫిర్యాదులు విని తీర్పు చెప్పే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఆఫీసు లక్డీకాపూల్‌లో ఉంది, అక్కడికి వెళ్ళండి. ఫీజు ఉండదు, లాయర్ అక్కర్లేదు. కంపెనీ చివరి జవాబు వచ్చిన ఏడాదిలోపు ఫిర్యాదు ఇవ్వాలి. తిరస్కరణ లేఖ, పాలసీ కాపీ, మీరు కంపెనీకి రాసిన ఉత్తరం వెంట తీసుకెళ్ళండి.