లైనక్స్ వేశాక వైఫై మాయమైతే: ఫర్మ్‌వేర్ తిప్పలు

సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీలో ఒక సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ కొన్నాను. ఆ రాత్రే లైనక్స్‌లో ఒక రకమైన డెబియన్ 11 ఎక్కించాను. స్క్రీన్, కీబోర్డు అన్నీ బాగున్నాయి, వైఫై గుర్తు మాత్రం లేదు. మళ్లీ ఇన్‌స్టాల్ చేశాను, మళ్లీ అదే కథ. మూడోసారికి పెన్‌డ్రైవ్ పెట్టబోతూ ఎందుకో ఆగి కెర్నల్ (లైనక్స్‌కు గుండెకాయ లాంటి ప్రోగ్రాం) లాగ్ తెరిచాను. జవాబు అక్కడే ఎర్రక్షరాల్లో ఉంది.

సమస్య: వైఫై అసలు కనిపించదు

వైఫై కార్డు కూడా ఒక బుల్లి కంప్యూటరే. చాలా కార్డుల్లో దాన్ని నడిపే ప్రోగ్రాం, అంటే ఫర్మ్‌వేర్, ఉండదు. ఆన్ చేసిన ప్రతిసారీ కెర్నలే ఆ ఫైలును లిబ్ ఫోల్డర్‌లోని ఫర్మ్‌వేర్ ఫోల్డర్ నుంచి తీసి కార్డులోకి ఎక్కించాలి. సోర్స్ కోడ్ ఇవ్వని ఇలాంటి ఫైళ్లను డెబియన్ చాలాకాలం తన ఇన్‌స్టాలర్‌కు బయటే ఉంచింది. 2022లో ఓటింగ్ పెట్టి, 2023లో వచ్చిన డెబియన్ 12 నుంచి లోపలికి రానిచ్చింది.

కెర్నల్ లాగ్ చూపే డీమెసేజ్ (డీఎంఈఎస్‌జీ) కమాండ్‌ను సూడోతో, అంటే అడ్మిన్ హక్కులతో నడిపి, అందులో ఫర్మ్‌వేర్ అనే మాట వెతకండి. ఫైలు పేరు పక్కన 'ఎర్రర్ మైనస్ 2' అని ఉంటే ఆ ఫైలు దొరకలేదని అర్థం. ఇక్కడే చాలామంది అనవసరంగా కంగారుపడతారు. ఇంటెల్ డ్రైవర్ పెద్ద వెర్షన్ నంబరుతో మొదలుపెట్టి ఒక్కో మెట్టూ దిగుతూ అడుగుతుంది. పైన నాలుగు ఎర్రర్లు ఉన్నా, కింద 'లోడెడ్ ఫర్మ్‌వేర్ వెర్షన్' అనే లైను కనిపిస్తే ఫైలు దొరికినట్టే. అప్పుడు తప్పు వేరేచోట వెతకాలి.

నిజంగానే ఫైలు లేకపోతే, ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. దానికి వైఫై కార్డుతో పని లేదు. ఆ నెట్‌తో ఇంటెల్ కార్డుకైతే ఫర్మ్‌వేర్-ఐడబ్ల్యూఎల్‌వైఫై, రియల్‌టెక్‌కైతే ఫర్మ్‌వేర్-రియల్‌టెక్ ప్యాకేజీ వేసి, రీస్టార్ట్ చేయండి. డెబియన్ 11 నుంచి 12కి అప్‌గ్రేడ్ అయినవాళ్లు, ప్యాకేజీలు ఎక్కడి నుంచి తేవాలో చెప్పే సోర్సెస్ లిస్టులో నాన్-ఫ్రీ-ఫర్మ్‌వేర్ అనే విభాగాన్ని చేర్చాలి. ఆ పేరు 12తోనే వచ్చింది, పాత లిస్టులో ఉండదు.

ఫైలు ఉన్నా కార్డు కదలడం లేదా? లోపలి కార్డుల జాబితా చూపే ఎల్ఎస్‌పీసీఐ కమాండ్‌కు మైనస్ ఎన్ఎన్‌కే జోడించి చూడండి. కార్డు కింద 'కెర్నల్ డ్రైవర్ ఇన్ యూజ్' లైను లేకపోతే, ల్యాప్‌టాప్ కొత్తది, కెర్నల్ పాతది అయి ఉండొచ్చు. కొత్త కెర్నల్ కోసం డెబియన్‌లో బ్యాక్‌పోర్ట్స్ కెర్నల్, ఉబుంటు (ఇంకో లైనక్స్) ఎల్‌టీఎస్‌లో హెచ్‌డబ్ల్యూఈ కెర్నల్ వేసి చూడండి. పక్కనే విండోస్ కూడా ఉంటే అందులో ఫాస్ట్ స్టార్టప్ ఆపేయండి. అది కార్డును సగం నిద్రలో వదిలేస్తుంది.

సమస్య: సౌండ్ రాదు, 'డమ్మీ అవుట్‌పుట్' అంటుంది

కొత్త ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో ఎక్కువగా ఇదే. డెబియన్‌లో ఫర్మ్‌వేర్-సాఫ్-సైన్డ్ ప్యాకేజీ వేసి రీస్టార్ట్ చేయండి.

సమస్య: ఇన్‌స్టాలర్‌కు డిస్క్ కనబడదు

బయోస్‌లో (ల్యాప్‌టాప్ ఆన్ కాగానే మొదట నడిచే ప్రోగ్రాం సెట్టింగ్స్‌లో) డిస్క్‌తో మాట్లాడే పద్ధతి, అంటే స్టోరేజ్ మోడ్, ఇంటెల్ ఆర్‌ఎస్‌టీలో ఉందేమో చూడండి. ఏహెచ్‌సీఐకి మార్చాలి. విండోస్ ఉంచుకునేవాళ్లు ముందే బిట్‌లాకర్ (విండోస్ డిస్క్ తాళం) రికవరీ కీ రాసిపెట్టుకోండి. మోడ్ మార్చిన వెంటనే విండోస్ బూట్ కాకపోవచ్చు కూడా. అందుకే మార్చేముందు విండోస్‌ను సేఫ్ మోడ్‌లో తెరుచుకునేలా సెట్ చేసుకోవాలి.

సమస్య: మూత వేసినా ల్యాప్‌టాప్ వేడిగానే ఉంటుంది

అమీర్‌పేటలో మూత వేసి మెట్రో ఎక్కితే, రాయదుర్గంలో దిగేసరికి బ్యాగు ఇస్త్రీపెట్టెలా కాలింది. సిస్ ఫోల్డర్‌లోని పవర్‌లో మెమ్-స్లీప్ ఫైలు చూశాను. ఎస్2ఐడిల్ (తేలిక నిద్ర), డీప్ (గాఢ నిద్ర) రెండూ ఉన్నాయి, వాడుకలో ఉన్నదాన్ని చూపే బ్రాకెట్ మొదటిదానికి ఉంది. కెర్నల్ పారామీటర్‌తో (బూట్ అయ్యేటప్పుడు కెర్నల్‌కు ఇచ్చే సెట్టింగ్‌తో) డీప్‌కి మార్చాక చల్లబడింది. మీ ఫైల్లో డీప్ అనే మాటే లేకపోతే బయోస్‌లో స్లీప్ సెట్టింగ్ వెతకండి, లేదా బయోస్ అప్‌డేట్ చేయండి.

ఆ అప్‌డేట్‌కు ఎఫ్‌డబ్ల్యూఅప్‌డీ అనే టూల్ ఉంది. కొన్ని కంపెనీల ల్యాప్‌టాప్‌లకు లైనక్స్ నుంచే బయోస్ మార్చేస్తుంది. ఛార్జర్ పెట్టి, బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడే మొదలుపెట్టండి. ఎండాకాలం సాయంత్రం కరెంటు పోయే వేళల్లో మాత్రం నేను దాని జోలికి పోను.