క్యాష్ సర్వర్ ఉన్నా అప్‌స్ట్రీమ్ లింక్ నిండిపోతోందా?

జనం చూసే వీడియోల కాపీలను దాచి లోపలి నుంచే ఇచ్చే క్యాష్ సర్వర్లు, అంటే గూగుల్ గ్లోబల్ క్యాష్, నెట్‌ఫ్లిక్స్ ఓపెన్ కనెక్ట్ లాంటి బాక్సులు, ఇంటర్నెట్ కనెక్షన్లు ఇచ్చే మన ర్యాక్‌లోనే ఉంటాయి. అయినా రాత్రయ్యేసరికి అప్‌స్ట్రీమ్ (మనల్ని బయటి ఇంటర్నెట్‌కి కలిపే లింక్) నిండిపోతుంది, క్యాష్ పోర్టులో ట్రాఫిక్ మాత్రం అంతంతమాత్రం. వెంటనే బాక్సు మీద అనుమానం వస్తుంది. నన్నడిగితే ముందు చూడాల్సింది మన రూటర్‌నే.

ఏ కస్టమర్‌కి ఎక్కడి నుంచి వీడియో ఇవ్వాలో బాక్సు తేల్చదు, కంటెంట్ కంపెనీ తేలుస్తుంది. క్యాష్ కోసం పెట్టిన బీజీపీ (నెట్‌వర్క్‌లు రూట్లు చెప్పుకునే పద్ధతి) సెషన్‌లో మనం ప్రకటించిన ప్రిఫిక్స్‌లే, అంటే ఐపీ బ్లాకులే, దానికి ఆధారం. కొత్తగా తీసుకున్న ఐపీ బ్లాకును అప్‌స్ట్రీమ్‌కి ప్రకటించి, క్యాష్ వైపు ప్రిఫిక్స్ లిస్టులో చేర్చడం మర్చిపోవడం మామూలే. సీజీ-న్యాట్ (చాలామంది కస్టమర్లు కొన్ని పబ్లిక్ ఐపీలను పంచుకునే పద్ధతి) పబ్లిక్ పూల్ కూడా ఇలాగే తప్పిపోతుంది. రూటర్‌లో ఆ సెషన్‌కి వెళ్తున్న రూట్లను తీసి, కస్టమర్ పూల్స్‌తో (కస్టమర్లకు ఇచ్చే ఐపీ బ్లాకులతో) ఒక్కొక్కటిగా పోల్చండి. లేనిది చేర్చండి. అవతల లెక్కలోకి రావడానికి గంటలు పట్టవచ్చు, ఈలోగా టెన్షన్ పడి ఇంకేదీ కెలకొద్దు. అలాగని పక్క నెట్‌వర్క్ రూట్లన్నీ పంపేస్తే వాళ్ల ట్రాఫిక్ కూడా మన బాక్సు మీదే పడుతుంది.

పని చేసిందా లేదా? కస్టమర్ లైన్‌లో యూట్యూబ్ వీడియో పెట్టి, బ్రౌజర్ డెవలపర్ టూల్స్‌లో నెట్‌వర్క్ ట్యాబ్ తెరవండి. గూగుల్‌వీడియో.కామ్‌తో ముగిసే హోస్ట్ పేరు కనిపిస్తుంది. దాని ఐపీ మనం క్యాష్‌కి కేటాయించిన బ్లాకులోదైతే వీడియో లోపలి నుంచే వస్తోంది.

కొన్ని ఫోన్లలో బాగుండి, కొన్నింటిలో వీడియో బయటి నుంచి వస్తోందా? ఐపీవీ6 (కొత్త తరహా ఐపీ అడ్రసులు) చూడండి. కస్టమర్లకు ఐపీవీ6 ఇచ్చి, క్యాష్‌కి ఐపీవీ4 రూట్లు మాత్రమే ప్రకటిస్తే ఆ ట్రాఫిక్ బయటికే పోతుంది. ఐపీవీ6 సెషన్ వేరుగా పెట్టి, ఆ ప్రిఫిక్స్‌లూ పంపాలి.

అకమాయ్ లాంటి కంటెంట్ పంపిణీ నెట్‌వర్క్‌లు ఎక్కువగా డీఎన్ఎస్ (సైటు పేరుకి ఐపీ చెప్పే వ్యవస్థ) మీద ఆధారపడతాయి. కస్టమర్ వాడే రిజాల్వర్ (ఆ ఐపీని వెతికి తెచ్చే సర్వర్) ఎక్కడుంటే ఆ దగ్గరి సర్వరే దొరుకుతుంది. గూగుల్ రిజాల్వర్ 8.8.8.8 కస్టమర్ సబ్‌నెట్‌ను (అతని ఐపీ ఏ బ్లాకులోదో) కూడా అవతలికి చెప్పగలదు, క్లౌడ్‌ఫ్లేర్ వాళ్ల 1.1.1.1 మామూలుగా చెప్పదు. మన రిజాల్వర్ వేగంగా, నమ్మకంగా నడిస్తే కస్టమర్లు బయటివి వెతుక్కోరు.

బయటి నుంచి క్యాష్‌లోకి వచ్చే ట్రాఫిక్ రద్దీ వేళే పెరుగుతోందంటే, కొత్త కంటెంట్ నింపుకునే సమయం తప్పుగా సెట్ అయి ఉండవచ్చు. ఓపెన్ కనెక్ట్‌లో ఆ సమయాన్ని రద్దీ లేని వేళకు మార్చాలి. కొత్త బాక్సు మొదట నింపుకునేటప్పుడు అప్‌స్ట్రీమ్ వాడకం పెరగడం సహజం.

క్యాష్‌కి వెళ్లే నాలుగు లింకుల ల్యాగ్‌లో (లింకులను కలిపి ఒకటిగా వాడే గుంపులో) ఒకటే నిండి, మిగతావి ఖాళీగా ఉంటే స్విచ్‌లో హ్యాషింగ్ (ఏ ట్రాఫిక్ ఏ లింకులో వెళ్లాలో పంచే లెక్క) మ్యాక్ అడ్రస్ (పరికరం పోర్టుకుండే హార్డ్‌వేర్ అడ్రస్) మీద జరుగుతోందేమో చూడండి. రెండు వైపులా మ్యాక్ మారదు కాబట్టి అంతా ఒకే లింకులోకి వెళ్తుంది. ఐపీ, పోర్టు నంబర్ల మీదికి మారిస్తే సర్దుకుంటుంది.

ఇవన్నీ చూశాకా మార్పు లేకపోతే కంటెంట్ కంపెనీ సపోర్ట్‌కి రాయండి. ప్రకటిస్తున్న రూట్ల జాబితా, ఇబ్బంది పడుతున్న కస్టమర్ పబ్లిక్ ఐపీ, వీడియో వచ్చిన హోస్ట్ పేరు, సమయం మొదటి మెయిల్‌లోనే పెట్టండి.