ఇంటి దొడ్లో పండ్ల మొక్కలు పెట్టేవాళ్ళకి

మా ఉలవపాడు వైపు సపోటా, మామిడి బాగా వస్తాయి కదా అని అందరూ ముందు అవే పెట్టేస్తారు, కానీ ఐదారు సెంట్ల స్థలంలో మామిడి ఒక్కటి చాలు, మిగతా చోటు జామ, నిమ్మ, దానిమ్మ, సీతాఫలానికి ఉంచండి.

గుంత ఎండాకాలంలోనే తీసి ఎండనివ్వండి. మామిడికి మూడడుగులు, నిమ్మ, జామకి రెండడుగులు. పైమట్టిలో బాగా మాగిన పశువుల ఎరువు, కేజీ వేపపిండి కలిపి నింపండి. అంటు మొక్కే కొనండి, అంటు కట్టిన చోటు మాత్రం మట్టిలో పూడకూడదు, దాని కిందనుంచి వచ్చే చిగుర్లు ఎప్పటికప్పుడు తుంచెయ్యాలి, వదిలేస్తే అవే బలం లాక్కుని పైన కట్టిన రకం చచ్చిపోతుంది.

మనకి అసలు వాన అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, తుఫాను వస్తే రెండు రోజుల్లో దొడ్డి చెరువైపోద్ది. బొప్పాయి మొదలు దగ్గర నీళ్ళు నిలిస్తే వేరు కుళ్ళి పడిపోద్ది, అందుకని అడుగు ఎత్తు మట్టి పోసి దాని మీద నాటండి, గాలికి కర్ర కూడా కట్టండి.

నిమ్మ లేత ఆకుల మీద పక్షి రెట్టలాంటి పురుగు కనిపిస్తే అది సీతాకోకచిలుక పిల్ల, చేత్తో ఏరెయ్యండి, నాలుగు చెట్లకి మందెందుకు. జామకి కోత అయ్యాక కొమ్మల చివర్లు కత్తిరించండి, పూత కొత్త చిగురు మీదే వస్తుంది.